స్కోరు పుస్తకంలో లేని మల్లేశం

రెండు నెలల కిందట ఒక గురువారం, నేను పాఠాలు చెప్పే స్కూలు నుంచి ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక లావుపాటి కవరు ఉంది. చింపగానే కొత్త అచ్చు వాసన, నున్నటి కాగితం మీద ఇంకా పచ్చిగా ఉన్న రంగుల వాసన గుప్పుమంది. నాన్న పాతికేళ్ళపాటు సర్వేయరుగా పనిచేసిన కంపెనీ తమ క్రికెట్ జట్టు చరిత్రను పుస్తకంగా వేసింది. ఇన్నేళ్ళలో ఆ జట్టుకు ఆడినవాళ్ళందరిలోకీ గొప్పవాళ్ళని పదకొండుమందిని ఏరి, ఒక్కొక్కరికి రెండేసి పేజీలు కేటాయించి, పాత ఫోటోలు వెతికి మరీ వేశారు. మొదటి రెండు పేజీలూ నాన్నవే, ఎందుకంటే జట్టు మొదటిసారి కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ ఆయన. నిలబడే పేజీలు తిప్పుతూ వెళ్ళి తొమ్మిదో పేరు దగ్గర ఆగిపోయాను. ప్రకాశ్, లెగ్ స్పిన్నర్, ఫైనల్లో ఏడు వికెట్లు. పక్కన సూటు వేసుకుని వెండి కప్పు పట్టుకున్న ప్రకాశ్ అంకుల్ ఫోటో. ఆ ఏడు వికెట్లూ పడటం నేను నా కళ్ళతో చూశాను. వాటిలో ఒక్కటి కూడా ఆయన తీయలేదు. ఆ రోజు ఆయన బంతిని ముట్టుకోను కూడా లేదు.

అప్పట్లో మేం ఇక్కడే, ఒమాన్‌లోని అల్ మవాలేలో ఉండేవాళ్ళం. ఇప్పుడు చూస్తే నమ్మరు గానీ, మా భవనం వెనక మెట్లు దిగితే ఇక గోడలే లేవు. గులకరాళ్ళు పరిచినట్టున్న బయలు కొండల దాకా సాగిపోయేది, అందులో అక్కడక్కడ తుమ్మచెట్లు, వాటి నీడలో ఎవరివో తెలియని మేకలు. ఎండాకాలమంతా కుళాయి తిప్పితే వేడినీళ్ళే వచ్చేవి, చెప్పుల్లేకుండా బాల్కనీలోకి వెళితే కాళ్ళు కాలేవి, సగంమంది పిల్లలు సెలవులకు ఇండియా వెళ్ళిపోయేవాళ్ళు. అక్టోబరులో ఒక పొద్దున్న కిటికీ తెరవగానే గాలి చల్లగా తగిలేది, ఆ రోజే నాన్న మంచం కింద నుంచి బ్యాటు తీసి అవిసెనూనె పట్టించడం మొదలుపెట్టేవాడు, ఇల్లంతా ఆ నూనె వాసనే, అమ్మ ముక్కు మూసుకుని కిటికీలన్నీ తెరిచేది. మాకు క్రికెట్ అంటే ఆ వాసన, శుక్రవారం, పులిహోర.

శుక్రవారం తెల్లవారకముందే అమ్మ లేచి చింతపండు పులుసు ఉడికించేది. ఇంగువ పోపు ఘాటుకి నాకు మెలకువ వచ్చేది. పెద్ద స్టీలు డబ్బాలో పులిహోర, ఇంకో డబ్బాలో దానిమ్మగింజలు వేసిన పెరుగన్నం, రెండు ఫ్లాస్కుల్లో అల్లం టీ, అన్నీ కారు డిక్కీలోకి ఎక్కేవి. గ్రౌండంటే గడ్డి ఉంటుందనుకునేరు. మధ్యలో ఒక సిమెంటు పలక, దాని మీద మేకులతో బిగించిన కొబ్బరిపీచు పట్టా, చుట్టూ గట్టి నేల, హద్దుకి సున్నం కొట్టిన రాళ్ళు, అంతే. నీళ్ళ ట్యాంకరు వచ్చి పట్టా తడిపితే లేచే వాసనకి నా ప్రాణం లేచొచ్చేది. అక్కడ పడినవాడి మోకాళ్ళు చెక్కుకుపోవాల్సిందే. పిల్లలం కార్ల వెనక చేరి వాదీలో, అంటే ఎండిన వాగులో, ఏరుకొచ్చిన పలకరాళ్ళతో ఏడుపెంకులాట ఆడుకునేవాళ్ళం. దారిన పోయే ఒమానీ పెద్దాయన ఒకాయన ప్రతివారం పికప్ ఆపి, ఎవరు గెలుస్తున్నారని అడిగి, అర్థమైనా కాకపోయినా తల ఊపి, మా చేతుల్లో తలా నాలుగు ఖర్జూరాలు పెట్టి వెళ్ళేవాడు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కార్లో ఒక ఆట ఉండేది. "చెప్పవే చిన్నీ, ఇవాళ్టికి మన పదకొండుమంది ఎవరూ?" అని నాన్న అడిగేవాడు. జట్టు పుట్టినప్పటి నుంచీ ఆడినవాళ్ళలో గొప్ప పదకొండుమందిని నేను వరసగా చెప్పాలి. కొంతమందిని నేను చూడనే లేదు, నాన్న చెప్పిన కథలే. మొదటి పేరు మాత్రం ఎప్పుడూ ఇక్బాల్ అంకుల్‌దే. ఆయన కరాచీ మనిషి, కేవలం ఆట కోసమే కంపెనీ ఉద్యోగమిచ్చి తెచ్చుకుంది, కాగితం మీద ఫోర్‌మన్, నిజానికి ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. ఒకసారి ఆయన కొట్టిన సిక్సరు పోయి ఆ ఖర్జూరాల పెద్దాయన పికప్‌లో పడితే, ఆయన బండి ఆపకుండా బంతితో సహా వెళ్ళిపోయాడు. ఇక్బాల్ అంకుల్ తరవాత ఎవరన్న దాని మీద నాన్నకీ నాకూ ఇల్లు చేరేదాకా పోట్లాటే. అమ్మ వెనక్కి తిరిగి, "ఆపండి బాబూ, ఇద్దరూ చిన్నపిల్లలే," అనేది.

నాకు పదేళ్ళు నిండిన ఏడు ఆ జాబితాలోకి మల్లేశం వచ్చాడు.

మల్లేశానిది జగిత్యాల దగ్గర పల్లె. కంపెనీలో స్టీల్ ఫిక్సర్, అంటే స్లాబు పోయకముందు ఇనుప చువ్వలు పరిచి, అవి కలిసే ప్రతి చోటా తీగ మెలితిప్పి బిగించే పని. అమెరాత్‌లో కంపెనీ కూలీల క్యాంపులో ఉండేవాడు. ఒక మధ్యాహ్నం సైట్‌లో కొలతలు తీస్తున్న నాన్న, అన్నం తిన్నాక టేపు చుట్టిన టెన్నిస్ బంతితో ఆడుకుంటున్న కూలీలను చూశాడు. వాళ్ళలో ఒకడు వేస్తున్న బంతి నేలను తాకగానే పక్కకు తిరిగి వికెట్ల బదులు పెట్టిన రంగు డబ్బాను తన్నేస్తోంది. పదిసార్లు వేస్తే ఎనిమిదిసార్లు తన్నేస్తోంది. ఆ రాత్రి అన్నం దగ్గర నాన్న తన చేతిని గాల్లో తిప్పి చూపిస్తూ, "రోజంతా తీగ తిప్పీ తిప్పీ ఆ మణికట్టు ఎలా తయారైందనుకున్నావ్! కోచింగులిస్తే వచ్చేది కాదది," అని అమ్మకు ఒకటే చెప్పడం.

కానీ జట్టు స్టాఫ్ కోసమే. లీగ్‌లో ఆడేవాళ్ళకి ఫోటో అంటించిన కార్డు ఉండాలి, ఆ కార్డుకి కంపెనీ ఉత్తరం ఇవ్వాలి, లేబర్‌కి ఉత్తరం ఇవ్వరు. నాన్న వెళ్ళి అడిగితే పెద్ద మేనేజరు, "వాళ్ళకు డ్యూటీ ఉంటుంది, ఆట కాదు," అన్నాడట. అదే నెలలో స్టోర్స్ ఆఫీసర్ ప్రకాశ్ అంకుల్ మోకాలు బెణికింది. ఆయన కార్డు ఖాళీగా ఉంది. ఫోటో చిన్నది, మీసం పెద్దది. ఆ కార్డు మీద ఆడించడానికి మల్లేశాన్ని అలాంటి మీసమే పెంచమన్నారు. అలాంటి అరువు పేర్లు అన్ని జట్లలోనూ ఉండేవి కాబట్టి ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు.

నాకీ సంగతులేవీ తెలియవు. మల్లేశం ఆడిన రెండో మ్యాచ్‌లో ఒక వికెట్ పడగానే నేను కారు బానెట్ మీదికెక్కి, "మల్లేశం అంకుల్!" అని గొంతు చించుకుని అరిచాను. అంపైర్ ఇటు తిరిగి చూశాడు. ఇక్బాల్ అంకుల్ నా గొంతు వినబడకుండా, "వాహ్, ప్రకాశ్ భాయ్, వాహ్!" అని కేక వేశాడు. ఆ రోజు కార్లో పదకొండుమంది ఆట లేదు. నాన్న ముందుకు చూస్తూనే, "గ్రౌండ్‌లో ఆయన్ని ప్రకాశ్ అంకుల్ అనాలి. ఇంకోసారి ఆ పేరెత్తావంటే నిన్ను తీసుకురాను," అన్నాడు. నేను ఇల్లు చేరేదాకా ఏడ్చాను. అబద్ధం చెప్తే బెల్టు తీసే మనిషి ఆయనే.

మల్లేశం స్టాఫ్ కుటుంబాలతో కలిసి తినేవాడు కాదు. ట్యాంకర్ నీడలో గొంతుక్కూర్చునేవాడు, అమ్మ పళ్ళెంలో పులిహోర పెట్టి నాతో పంపేది. తరవాతి వారం పళ్ళెం ఇచ్చి తల వంచుకు నిలబడితే, ఆయనే చొక్కా జేబులోంచి వేయించిన పల్లీలు తీసి నా దోసిట్లో పోసి, "నా మీద అలిగినవా బిడ్డా? గీడ నేను ప్రకాశ్‌నే. ఏమన్న అని పిలువు, బాల్ అయితే తిరుగుతది గదా," అన్నాడు. ఆయన వేళ్ళ కొనలన్నీ తీగలు గీసుకుని నల్లటి గీతలు పడి ఉన్నాయి. నేను ప్రకాశ్ అంకుల్ అనడం నేర్చుకున్నాను. నాలుగైదు వారాలకి నాలుక తడబడటం కూడా మానేసింది.

ఫైనల్ ఉగాది వారంలో వచ్చింది. అల్ ఖువైర్ రోడ్డు పక్క వేపచెట్ల నుంచి అమ్మ పువ్వు కోసుకొచ్చింది, బాతినా తీరం తోటల నుంచి వచ్చిన మామిడికాయలు దొరికాయి, పచ్చడి గిన్నెతో సహా గ్రౌండ్‌కి తెచ్చి ఆటకు ముందు అందరికీ చెంచాడేసి పెట్టింది. ఇక్బాల్ అంకుల్ చేదుమందు మింగినట్టు ముఖం పెట్టి, "భాభీ, యే దవా హై క్యా?" అంటే అందరూ నవ్వారు. మల్లేశం మాత్రం రెండోసారి చెయ్యి చాపాడు. "రెండేండ్లాయె అమ్మా నాలుకకు తగలక," అన్నాడు.

మా జట్టు ముందు బ్యాటింగ్ చేసి తక్కువకే ఆలౌటైంది. ఇక్బాల్ అంకుల్ రెండో ఓవర్లోనే బయటికొచ్చి గ్లవ్స్ నేలకేసి కొట్టాడు. శుక్రవారం నమాజుకి ఆట ఆగింది, ఎండ నెత్తి మీదికొచ్చింది, కొండలు తెల్లగా మెరుస్తున్నాయి, ఎదుటి జట్టు వాళ్ళ కార్ల దగ్గర అప్పుడే నవ్వులు వినిపిస్తున్నాయి. మళ్ళీ మొదలయ్యాక వాళ్ళు కుదురుగా ఆడుతుంటే నాన్న బంతి తీసుకెళ్ళి మల్లేశం చేతిలో పెట్టాడు. పట్టా ఎండి గరుగ్గా ఉంది. మూడో బంతికి మొదటి వికెట్. ఆ తరవాత నాకు వరస గుర్తులేదు, ముక్కలు ముక్కలుగా గుర్తుంది: నాలుగడుగుల పరుగు, మణికట్టు గిర్రున తిరగడం, బంతి గాల్లో ఆగినట్టు ఆగి పట్టా మీద పడగానే పామల్లే పక్కకు లేవడం, బ్యాట్స్‌మన్ తాను కొట్టాల్సిన బంతి కోసం ఇంకా అటే చూస్తుండటం, వెనక స్టంపు వాలిపోవడం. ఏడుగురు అలాగే వెళ్ళారు. చివరివాడు వెళ్ళాక జట్టంతా మల్లేశాన్ని భుజాల మీదికెత్తుకుని "ప్రకాశ్! ప్రకాశ్!" అని అరుస్తూ గ్రౌండంతా తిప్పింది. నేనూ అరిచాను. ఆయన పైనుంచి నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఎవరినో పిలుస్తుంటే తిరిగి చూసినట్టు ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

బహుమతులు మరుసటి గురువారం సాయంత్రం ఒక క్లబ్బు హాల్లో ఇచ్చారు. స్టాఫ్‌కీ కుటుంబాలకీ పిలుపు. క్యాంపు నుంచి ఎవరూ లేరు. నాకు కొత్త గౌను. వేదిక మీద నుంచి ఉత్తమ బౌలర్ అని ప్రకాశ్ పేరు పిలవగానే, నిజం ప్రకాశ్ అంకుల్ నీలం సూటులో లేచి, కొద్దిగా కుంటుతూ మెట్లెక్కి, వెండి కప్పు అందుకుని, మైకు దగ్గరికి వంగి, "ఇది టీమ్ విజయం," అన్నాడు. నేను నాన్న వైపు చూశాను. నాన్న చప్పట్లు కొడుతున్నాడు. అమ్మ కొడుతోంది. నేనూ కొట్టాను. ఎవరూ నన్ను కొట్టమనలేదు.

ఆ తరవాతి ప్రాక్టీసు రోజు మల్లేశం నాన్న దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని, "సార్, కప్పు నాకెందుకు గని, నా పేరు ఏడన్న ఒక్క కాడ రాస్తరా? ఇంటికాడ చూపిస్త," అన్నాడు. "చూద్దాంలే మల్లేశం. వచ్చే సీజన్‌కి నీ పేరు మీదే కార్డు చేయిస్తాగా," అన్నాడు నాన్న. వచ్చే సీజన్‌కి మల్లేశం లేడు. సువైక్ వైపు కొత్త సైట్‌కి మార్చారు, కాంట్రాక్టు అయిపోయాక అటు నుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాడని విన్నాం. కార్లో ఆట మళ్ళీ మొదలైంది. నేను పదకొండుమందిలో మల్లేశం పేరు చెప్పినప్పుడల్లా నాన్న రేడియో గొంతు పెంచేవాడు. కొన్నాళ్ళకి నేనే చెప్పడం మానేశాను.

ఆదివారం ఆఫీసు తెరవగానే పుస్తకం వేసిన కంపెనీ వాళ్ళకి ఫోన్ చేశాను. ఎత్తిన కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, స్కోరు పుస్తకంలో ఉన్న పేరే వేశాం. మీ దగ్గర ప్రూఫ్ ఏదైనా ఉంటే మెయిల్ చేయండి," అన్నాడు. నేను చూశానని చెప్పాను. అప్పుడు మీ వయసెంతని అడిగాడు. పదేళ్ళన్నాను. "అలాగే మేడమ్, నోట్ చేసుకుంటాను," అని పెట్టేశాడు. ప్రకాశ్ అంకుల్ పోయి చాలాకాలమైంది. ఆయన కూతురు ఆ రెండు పేజీలూ ఫోటో తీసి, మా డాడీ అని ఫేస్‌బుక్‌లో పెట్టుకుంది. కింద వందమంది దండాలు పెట్టారు. ఆ అమ్మాయికి నేనేం రాయను? రాయబోయి నాలుగుసార్లు చెరిపేశాను.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టి తొమ్మిదో పేరు చూపించాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "వదిలేద్దూ. ఆ సంగతి కదిపితే కప్పే తప్పుడు కప్పంటారు. మిగతా పదిమంది కష్టం ఏం కావాలి?" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు, అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. "పదిమంది సంగతి కాదు, నీ రెండు పేజీల సంగతి," అన్నాను. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. నేను బతిమాలలేదు.

శుక్రవారం అమెరాత్ వెళ్ళి, జగిత్యాల వైపు వాళ్ళు కలుసుకునే కూరగాయల దుకాణం దగ్గర అడగడం మొదలుపెట్టాను. "ఏ మల్లేశం మేడం? మా ఒక్క ఊర్లనే ఆరుగురున్నరు," అని ఒకాయన నవ్వాడు. క్రికెట్ ఆడేవాడంటే ఎవరికీ తెలియలేదు. మూడో వారం, స్టీల్ పని చేసే ఒక పెద్దాయన ఆగి, "బాల్ తిప్పేటోడా?" అని అడిగాడు. ఫోన్ నంబరు ఆయన దగ్గర దొరికింది.

ఆ నంబరుకి చేసి, నేనెవరో మల్లేశానికి చెప్పాను. ఇప్పుడెందుకమ్మా అవన్నీ అంటాడనుకున్నాను. అనలేదు. "గన్నేండ్ల సంది చెప్తున్న బిడ్డా, ఒక్కడు నమ్మడు," అన్నాడు గొంతు పెంచి. "టీవీల మ్యాచ్ అచ్చినప్పుడల్ల నేను షురూ చేస్తె, బాపు మల్ల మొదలువెట్టిండని నవ్వుతరు. నా కొడుకే నమ్మడు. వాడు గాడనే సువైక్‌ల డ్రైవర్. మీ నాయినను వానికి ఒక్క మాట చెప్పుమను. గంతే."

కొడుకు పేరు శ్రీకాంత్. తరవాతి శుక్రవారం సువైక్ నుంచి బస్సులో మా ఇంటికి వచ్చాడు, తండ్రిలాగే పొడుగు వేళ్ళు. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పి, మళ్ళీ చివరి నుంచి మొదటిదాకా తిప్పి, "బాపు ఏడున్నడు మేడం?" అని అడిగాడు. నేను తొమ్మిదో పేరు చూపించాను. నాన్న కుర్చీలో ముందుకు జరిగి, కార్డు సంగతి, మీసం సంగతి, ఏడు వికెట్ల సంగతి, వేదిక సంగతి, ఒక్కటి దాచకుండా చెప్పాడు. నేను చూస్తుండగా ఆయన అంతసేపు మాట్లాడి ఏళ్ళైంది. శ్రీకాంత్ విని, "మీరే కెప్టెన్ గదా సార్. అప్పుడే ఒక్క మాట చెప్తె అయిపోతుండె గదా," అన్నాడు. అడిగినట్టు కాదు, మామూలుగానే అన్నాడు.

"పోనీ సార్, గదే మాట వీడియోల చెప్పుండ్రి. బాపుకు పంపిస్త," అని ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. నాన్న చొక్కా సరిచేసుకుని నిటారుగా కూర్చున్నాడు. "నేను అప్పట్లో కెప్టెన్‌ని. ఫైనల్లో ఏడు వికెట్లు తీసింది ప్రకా..." అని ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే పేరు వచ్చింది. మూడోసారి ఒక్కో అక్షరం పట్టుకుని పలికినట్టు, "మ-ల్లే-శం," అన్నాడు. అని, కళ్ళద్దాలు తీసేశాడు.

పంపిన పది నిమిషాలకే మల్లేశం కొడుక్కి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో అందరికీ వినిపించింది. నాన్న గురించి అడగలేదు, నా గురించీ అడగలేదు. "చూసిన రా. మంచిగనే చెప్పిండు. గని ఊర్లె చూపిస్తె, బుక్కుల లేదు గదా అంటరు. బుక్కుల ఎక్కిస్తరా, అడుగు." శ్రీకాంత్ మా ఇద్దరి వైపూ చూశాడు. నేను ఎక్కించరని చెప్పాను. చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు, సాయంత్రం డ్యూటీ ఉందట.

ఆ వీడియో కంపెనీకీ పంపాను. అందిందని జవాబొచ్చింది, అంతే. మేం ఆడిన బయలు ఎక్కడుందో చూద్దామని ఒకరోజు కారు తీస్తే, మూడు వీధులు తిరిగినా సిమెంటు పలక ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. అంతా ఇళ్ళు, ప్రహరీలు, ఏసీల మోత. పట్టా లేదు, సున్నపు రాళ్ళు లేవు, ఖర్జూరాల పెద్దాయన ఎవరో ఆయన పేరేమిటో ఇప్పుడు ఎవరినడిగినా చెప్పలేరు. ఆ మ్యాచ్ చూసినవాళ్ళలో ఇక్బాల్ అంకుల్ కరాచీలో పోయాడు, మిగతావాళ్ళు ఎక్కడెక్కడో చెదిరిపోయారు. మా అబ్బాయి ఇప్పుడు అమెరాత్‌లో పచ్చగడ్డి మైదానం మీద క్రికెట్ నేర్చుకుంటున్నాడు. నిన్న సాయంత్రం వాణ్ణి దింపి కంచె బయట నిలబడ్డాను. ఇంకా బంతి సరిగా పట్టుకోవడం రాని పిల్లలు, ఒక్కొక్కడి వీపు మీద వాడి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో.